రెండు సిగరెట్ల సేపు

మా షెడ్డుకి వచ్చేవాళ్లలో ఒక్కరు కూడా బండి జబ్బు సూటిగా చెప్పరు. "ఎడమవైపు కింద చప్పుడొస్తోంది" అంటే నాకు చాలు. అలా అనరు. మొన్న అత్తగారింటికి వెళ్లిన కథతో మొదలుపెడతారు, అక్కడ ఏం తిన్నారో చెబుతారు, తిరిగొస్తుంటే దారిలో ఎవరు కనిపించారో చెబుతారు. చప్పుడు సంగతి చివర్లో నేను అడిగితే గుర్తొస్తుంది. ముప్పై ఐదేళ్లుగా ఈ కథలు వింటూ నా జుట్టు నెరిసింది. అందుకే మనుషుల్ని అడగడం మానేశాను. నేరుగా బండినే అడుగుతాను. బండి అబద్ధమాడదు, దానికి అత్తగారు కూడా లేరు.

బువాపాన్ అక్క మాత్రం ఆ రోజు ఒక్క ముక్కలో తేల్చేసింది. పికప్ ఆపి, దిగి, తలుపు మెల్లగా వేసి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"ఇన్‌తా, మీ అన్న వణికిపోతున్నాడు."

మా అన్న అంటే, నేను అన్నా అని పిలిచే ఆమె మొగుడు ఖాంమూన్. పోయి అప్పటికి ఐదు నెలలయింది. నేను స్పానర్ కింద పెట్టాను.

"ఎక్కడ వణుకుతున్నాడక్కా?"

"బండిలో. నేను బ్రేకు మీద కాలేస్తే చాలు, మొదలెడతాడు."

ముప్పై నాలుగేళ్లు ఖాంమూన్ అన్న ఆమెనీ, ఆమె చేసే పంది సాసేజీల బుట్టల్నీ ఇదే పికప్‌లో కొండ దింపి బజారుకి తీసుకెళ్లాడు. ఆమె పక్క సీట్లో కూర్చుని, తలుపు పిడి రెండు చేతులా పట్టుకుని, కొండ పొడుగునా అతన్ని తిడుతూ ఉండేది. వేగంగా పోతే తిట్టేది, నెమ్మదిగా పోతే తిట్టేది. అతను నవ్వుతూ నడిపేవాడు. అతను పోయాక అక్క బడి మైదానంలో వారం రోజుల్లో డ్రైవింగ్ నేర్చుకుంది. ఆ వారంలో జెండా కర్రని రెండుసార్లు పలకరించింది. నూరోరోజు పుణ్యకార్యం అయిన మర్నాటి నుంచి తనే బండి తీసుకుని బజారుకి దిగుతోంది. అరవై ఒకటో ఏట ఆ ధైర్యం ఎందరికుంటుంది? ఆ మాట ఆమె ముందు అనను. అంటే నెత్తికెక్కి కూర్చుంటుంది.

"ఆయనకి నా డ్రైవింగ్ అంటే భయం," అంది అక్క. "పక్క సీట్లో కూర్చుని వణుకుతున్నాడు. చలికాలం పొద్దున్నే స్నానం చేసొచ్చి అచ్చం ఇలాగే వణికేవాడు. నువ్వే స్టీరింగ్ పట్టుకుని చూడు."

"అక్కా, బ్రేకు వేస్తే బండి వణికిందంటే దానికి కారణం బండిలోనే ఉంటుంది. అన్నని ఇందులోకి లాగకు."

"ఆయనా బండిలోనే ఉన్నాడు. అదే చెప్తున్నా."

షెడ్డు ముందు నూడుల్స్ బండి పెట్టుకున్న నా పెళ్లాం పిమ్‌పా అక్కడి నుంచే అందుకుంది. "అక్క చెప్పేది కాస్త వినరాదా. అన్నీ నీకే తెలుసు."

నేను వినలేదు. బండి ఎక్కాను.

చదునుగా ఉన్న రోడ్డు మీద వేగం అందుకుని బ్రేకు నొక్కాను. స్టీరింగ్ నా చేతుల్లో గిలగిల కొట్టుకుంది. అక్క నా వైపు చూసి కనుబొమలెగరేసింది. మళ్లీ వేగం పెంచి, ఈసారి పెడల్ జోలికి పోకుండా హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగాను. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాల్నే పడుతుంది. బండి నున్నగా, బుద్ధిగా ఆగింది.

"చూశావా," అన్నాను. "వెనక బ్రేకు పడితే వణుకు లేదు. అంటే జబ్బు ముందు చక్రాల్లో ఉంది."

"ఆయన కూర్చునేది ముందు సీట్లోనే కదా," అంది అక్క.

షెడ్డుకొచ్చి జాకీ ఎక్కించి ముందు చక్రాలు విప్పాను. చక్రం వెనక ఇనప డిస్క్ ఉంటుంది. బ్రేకు నొక్కితే రెండు ప్యాడ్లు రెండు పక్కల నుంచీ దాన్ని పట్టుకుంటాయి. ఆ డిస్క్ చదునుగా ఉన్నంతకాలం ఏ గొడవా ఉండదు. కాస్త వంకర తిరిగిందంటే, తిరిగిన ప్రతిసారీ ప్యాడ్లని తోసేస్తుంది, ఆ తోపులాట స్టీరింగ్‌కి ఎక్కుతుంది. నేను వంకర కొలిచే డయల్ గేజ్ బిగించి డిస్క్‌ని చేత్తో తిప్పాను. ముల్లు అటూ ఇటూ ఊగింది. ఒక కాగితం మందం తేడా కూడా ఉండకూడని చోట మూడు కాగితాల మందం ఉంది.

"ఇదీ నీ మొగుడు," అని ముల్లు చూపించాను.

అక్క వంగి చూసింది. "చాలా సన్నబడ్డాడు," అంది.

రెండు డిస్కులూ ఇనుము చెక్కే లేత్ మీద ఎక్కించి, పైపొర చెక్కి, అద్దంలా చదును చేశాను. కొత్త ప్యాడ్లు వేశాను. చక్రాల నట్లు ఒకదాని పక్కన ఒకటి కాకుండా, ఎదురెదురుగా ఉన్నవి వరసగా, అన్నీ ఒకే బిగువుతో బిగించాను. నట్ల దగ్గర తొందరపడితే కొత్త డిస్కైనా వంకరపోతుంది. ఈ సంగతి తెలియని మెకానిక్కులు కింద బజారులో ముగ్గురున్నారు. పేర్లు చెప్పను.

అక్క బండి నడిపి చూసింది. బ్రేకు నొక్కింది. వణుకు లేదు. నేను మెచ్చుకోలు కోసం ఎదురు చూస్తూ నిలబడ్డాను.

"శాంతించాడు," అంది అక్క, పక్క సీటుని తడుముతూ. "పోయిన గుడిరోజున ఆయన పేర పుణ్యం నీళ్లు ఇంకాస్త ఎక్కువ వదిలాన్లే. అందినట్టుంది."

నా పొద్దంతా లేత్ దగ్గర కరిగిపోతే, పేరు చచ్చిపోయినవాడు కొట్టేశాడు. కోపమొచ్చింది. సాసేజీలు ఓ బుట్టెడు ఇచ్చి వెళ్లింది కాబట్టి ఊరుకున్నాను.

మా షెడ్డు మీద ఒక బోర్డుంది. 'ఇక్కడ బాగైన బండి మళ్లీ రాదు' అని నేనే రాసుకున్నాను. రెండు వారాలు తిరక్కుండా అక్క పికప్ ఆ బోర్డు కిందే వచ్చి ఆగింది. ఆగేటప్పుడు ఎంత వణికిందంటే వెనక బుట్టలు గలగలలాడాయి.

పిమ్‌పా నూడుల్స్ వేయించడం ఆపి బోర్డు వైపు చూసింది, బండి వైపు చూసింది. "ఆ బోర్డు దింపి కట్టెలకివ్వు," అంది. "ఇవాళ పొయ్యి సరిగ్గా మండట్లేదు."

ఈసారి బండిని మొత్తం తిరగేశాను. చక్రాల బేరింగులు పట్టి ఊపాను, గట్టిగా ఉన్నాయి. స్టీరింగ్ జాయింట్లు చూశాను, బాగున్నాయి. బ్రేకు ఎక్కడైనా పట్టేసి వదలడం లేదేమో అని చూశాను, చక్కగా వదులుతోంది. నట్ల బిగువు నేను వదిలినట్టే ఉంది. గేజ్ పెడితే మాత్రం ముల్లు పోయినసారి కంటే ఎక్కువ ఊగింది. డిస్క్ మీద నీలం మచ్చలు కూడా ఉన్నాయి. బాగా కాలితే పడే మచ్చలవి.

"కొండ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టే ఉంచుతున్నావా అక్కా?"

"లేకపోతే? కొండ మీద బ్రేకు వెయ్యకుండా దిగేంత పిచ్చిదాన్నా?"

"రెండో గేరులో దిగు. ఇంజనే బండిని ఆపుకుంటూ వస్తుంది. కాలు అప్పుడప్పుడూ వేస్తే చాలు."

"సరే సరే," అంది. ఆ సరే ఎలాంటిదో నాకు తెలుసు. మా ఆవిడ కూడా అదే వాడుతుంది.

మళ్లీ చెక్కాను. ఇంకోసారి చెక్కడానికి డిస్కుల్లో కండ మిగల్లేదు. అక్క తీసుకెళ్లింది. తర్వాతి పది రోజులూ రోడ్డు మీద ఏ పికప్ చప్పుడు వినిపించినా స్పానర్ ఆపి తలెత్తి చూశాను.

పదకొండో రోజు వచ్చింది. ఈసారి బండి గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అరటాకులో చుట్టిన సాసేజీలు బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుంది.

"బండి అమ్మేస్తున్నాను తమ్ముడూ. టౌన్ నుంచి పాత బండ్లు కొనే ఆయన ఎల్లుండి వస్తానన్నాడు."

"ఎందుకక్కా?"

"ఆయనకి ఇష్టం లేదు. నేను నడపడం ఇష్టం లేదు. బతికుండగా ఒక్క మాట అన్లేదు, ఇప్పుడు ఇలా చెప్తున్నాడు. చచ్చిపోయిన మనిషిని రోజూ అలా భయపెట్టడం పాపం కదా." ఆమె అరటాకు మడతలు సర్దింది. "ఇంట్లోనే కూర్చుంటాలే. సాసేజీలు ఎవరు కొండెక్కొచ్చి కొంటారు? కొనకపోతే పోనీ."

అక్కని తిట్టే ఆడమనిషిగా చూశాను, బేరమాడే ఆడమనిషిగా చూశాను. ఓడిపోయిన మనిషిగా ఎప్పుడూ చూడలేదు. నాకు చాలా బాధేసింది. ఆ పైన సిగ్గేసింది. వణుకు నేను ఆపలేకపోయినందుకే కదా ఈమె ఇంట్లో కూర్చోబోతోంది.

"ఒక్క రోజు నాకివ్వు," అన్నాను. "కొత్త డిస్కులు వేస్తాను. రేపు బండిలో నీ పక్కన నేను కూర్చుంటాను. పొద్దున లేచిన దగ్గర్నుంచీ నువ్వు ఏం చేస్తావో అదే చెయ్యి. నేను చూస్తాను."

"రేపు గుడిరోజు. ముందు గుడికెళ్లాలి."

"గుడికీ వస్తాను."

"గుడికి, నువ్వు?" అంది అక్క. పిమ్‌పా కూడా సరిగ్గా అదే గొంతుతో అదే మాట అంది.

మర్నాడు పొద్దున కొండ మీద మా బుద్ధుడి గుడిలో స్వాములు వరసగా కూర్చుని మంత్రాలు మొదలుపెట్టారు. పోయినవాళ్లకి పుణ్యం అందాలని అందరూ చిన్న చిన్న ఇత్తడి చెంబుల్లోంచి గిన్నెల్లోకి సన్నగా నీళ్లు వదులుతున్నారు. మంత్రం అయ్యాక ఆ నీళ్లు తీసుకెళ్లి చెట్టు మొదట్లో పోస్తారు. అక్క చేతిలో చెంబు లేదు. పెద్ద టీ కెటిల్ ఉంది. కింద గిన్నె లేదు, బకెట్ ఉంది. మంత్రం అయిపోయింది, చెంబులన్నీ ఖాళీ అయిపోయాయి, కెటిల్ ఇంకా పోస్తూనే ఉంది. స్వాములు ఒకర్నొకరు చూసుకుని మంత్రం మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు.

అంతా అయ్యాక పెద్దస్వామి అడిగారు. "అమ్మా, ఒక్క మనిషికి ఇన్ని నీళ్లా?"

"భారీ మనిషి కదండీ స్వామీ," అంది అక్క.

మిగతావాళ్లు గుడి వెనక చెట్టు దగ్గరికి నడిచారు. అక్క బకెట్‌కి మూత పెట్టి బండి వెనక ఎక్కించింది. నేను చూశాను. బజారు దగ్గర ఏ చెట్టుకో పోస్తుంది కాబోలు అనుకున్నాను. పుణ్యం ఆమెది, చెట్టు ఆమె ఇష్టం.

ఇక ఆ దిగడం గురించి ఏం చెప్పను. నాలుగో గేరు. పద్నాలుగు కిలోమీటర్ల వాలు. మొదటి మలుపులో బ్రేకు మీద పెట్టిన కాలు చివరి మలుపు దాకా తియ్యలేదు. "రెండో గేరు," అన్నాను. "ఇంజను అరుస్తుంది, పాపం," అంది. తలుపు పిడి రెండు చేతులా పట్టుకున్నాను. ముప్పై నాలుగేళ్లు ఆమె ఎందుకు తిట్టిందో ఆ పిడి పట్టుకున్నాక కొంత తెలిసింది. సగం దారికే కాలిన ప్యాడ్ల వాసన మొదలయింది. అయినా కొత్త డిస్కులు కదా, వణుకు లేదు. ఇంత మాత్రానికే రెండు వారాల్లో డిస్కులు వంకర తిరగవు. ఏదో తక్కువైంది. ఏమిటో అంతుపట్టలేదు.

కొండ పాదంలో చింతచెట్టు, దాని కింద సిమెంటు బల్ల ఉన్నాయి. అక్క సరిగ్గా అక్కడ ఆపింది. నేను ఊపిరి పీల్చుకునేలోపే దిగి, బకెట్ దింపి, మూత తీసి, కుడి చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పెదాలు కదిలించి ఏదో చెప్పుకుని, కెటిల్‌తో ముంచి, చక్రం రంధ్రాల్లోంచి డిస్క్ మీదికి నీళ్లు వదిలింది.

చుయ్యిమని ఆవిరి లేచింది.

"చూశావా," అంది అక్క తృప్తిగా. "ఎలా నిట్టూరుస్తున్నాడో. పోసిన ప్రతిసారీ ఇంతే. ప్రాణం కుదుటపడుతుంది పాపం."

తలుపు తీసుకుని బయటపడేసరికి కుడి చక్రం పని అయిపోయింది. ఆమె బకెట్ ఎత్తుకుని ఎడమ చక్రం వైపు వస్తోంది. నేను రెండు చేతులూ చాపి చక్రానికి అడ్డంగా నిలబడ్డాను.

"అక్కా, ఆగు. దణ్ణం పెడతా, ఆగు."

"తప్పుకో ఇన్‌తా. చచ్చినోడికి అందాల్సింది అడ్డుకుంటావా?"

"ఎర్రగా కాలిన పెనం మీద నీళ్లు పోస్తే ఏమవుతుంది?"

"చుయ్ మంటుంది."

"ఆ తర్వాత?"

నలభై ఏళ్లుగా పొయ్యి దగ్గర ఉన్న మనిషికి నేను చెప్పక్కర్లేదు. "పెనం వంగిపోతుంది," అంది మెల్లగా. "ఇక దాని మీద ఏదీ దోరగా కాలదు. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం." బకెట్ కింద పెట్టింది. "అంటే, నేనేనా?"

"మొదటి వణుకు ఎప్పుడొచ్చింది?"

"నూరోరోజు అయ్యాక. మొదటి గుడిరోజు నీళ్లు పోసిన మర్నాడు. చిన్న చెంబే పోశాను అప్పుడు. వణికాడని ఇంకా ఎక్కువ పోశాను. ఇంకా వణికాడు. ఇంకా పోశాను."

"అందరూ చెట్టుకి పోస్తుంటే నువ్వు చక్రాలకెందుకు పోశావక్కా?"

"ఆయన ఏ రోజు చెట్ల దగ్గర ఉన్నాడు?" అంది అక్క కోపంగా. "ఆయన ఉన్నదంతా ఈ బండిలో. అందులోనూ ఈ చోట. రోజూ కొండ దిగి ఇక్కడే ఆపేవాడు. బజారుకి ఆలస్యమవుతోందిరా మొగుడా అంటే వినడు. ఆ బల్ల మీద కూర్చుని రెండు సిగరెట్లు కాల్చేవాడు. ఒకటి కాదు, రెండు. వాటిని గబగబా కూడా కాల్చడు. బద్ధకస్తుడా, సోమరీ, నీ సిగరెట్ల వల్ల మంచి బేరాలన్నీ పోతున్నాయి అని ముప్పై నాలుగేళ్లు తిట్టాను. ఆయనకి అంత ఇష్టమైన చోటు కదా అని ఇక్కడే ఇస్తున్నాను."

నేను బల్ల మీద కూలబడ్డాను.

రెండు సిగరెట్ల సేపు. ఆ మాట నాదే. నేను షెడ్డు పెట్టిన కొత్తలో ఖాంమూన్ అన్న కాలిన ప్యాడ్లతో వచ్చాడు. కొండ దిగాక వెంటనే బజారు వాగులోకి బండి దించకు, డిస్కులు వంకరపోతాయి, రెండు సిగరెట్ల సేపు పక్కన ఆపి చల్లారనివ్వు అని చెప్పాను. అప్పుడు వాగు మీద వంతెన లేదు. అతను తల ఊపి, వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అన్నాడు. ఆ మాట నేను అప్పుడే మర్చిపోయాను. ఇప్పుడు బల్ల మీద కూర్చుంటే గుర్తొచ్చింది.

ఇన్నాళ్లూ బండిని ముందూ వెనకా విప్పి చూశాను. దాన్ని నడిపినవాడు ఏం చేసేవాడో ఒక్కసారి కూడా అక్కని అడగలేదు. కథ చెబుతుందేమో అని భయం. నా అంత మూర్ఖుడు ఈ కొండ చుట్టుపక్కల లేడు.

"అక్కా, అన్న ఆగింది సిగరెట్ల కోసం కాదు," అన్నాను. "బ్రేకులు చల్లారడానికి. నేనే చెప్పాను అలా ఆగమని. సిగరెట్లు టైము చూసుకోడానికి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్పొద్దన్నాడు. బ్రేకులు అంత కాలతాయని తెలిస్తే బువాపాన్ ఇంక ఈ బండెక్కదు, బుట్టలు నెత్తిన పెట్టుకుని కొండంతా నడిచి దిగుతుంది అన్నాడు. దానికంటే తిట్లు పడటమే నయం అన్నాడు."

అక్క కండువా చివరతో ముఖం తుడుచుకుంది. "ముప్పై నాలుగేళ్లు," అంది. "రోజూ తిట్టాను ఇన్‌తా. వానలో కూడా తిట్టాను. నవ్వేవాడు. సిగ్గులేనివాడని అందుకు ఇంకో తిట్టు."

బండి ముందు అరలోంచి సిగరెట్ పెట్టె తీసింది. అది ఖాంమూన్ అన్నదే. ఇన్ని నెలలుగా తీసి పారెయ్యలేదు. ఒకటి వెలిగించి, దగ్గి, బల్ల చివర అతను కూర్చునే చోట సిమెంటు పగులులో నిలబెట్టింది. దాని పక్కన కూర్చుంది. పొగ సన్నగా చింతకొమ్మల్లోకి పోతోంది.

ఆమె ఫోన్ మోగింది. టౌన్‌లో పాత బండ్లు కొనే ఆయన. రేపు ఏ టైముకి రమ్మంటారని అడుగుతున్నట్టుంది.

"రాకండి," అంది అక్క. "అమ్మట్లేదు. లేదు, ధర గురించి కాదు. మా ఆయన ఒప్పుకున్నాడు." పెట్టేసింది.

మొదటి సిగరెట్ కాలిపోయింది. బకెట్లో మిగిలిన నీళ్లు తీసుకెళ్లి చింతచెట్టు మొదట్లో పోసింది. తడిసిన కుడి డిస్క్ మళ్లీ విప్పి చూడాలి, మహా అయితే ఒక పొర చెక్కాలి. అది నా పని. నేను లేచి బట్టలు దులుపుకున్నాను. ఎండ ఎక్కుతోంది. కింద బజారులో ఈపాటికి పొద్దుటి బేరాలు సగం అయిపోయుంటాయి.

"పద అక్కా," అన్నాను. "బజారుకి ఆలస్యమవుతోంది."

అక్క రెండో సిగరెట్ వెలిగించి పగులులో నిలబెట్టింది.

"కూర్చో," అంది. "ఇది కూడా అవ్వనీ."